నేల ఎరగని కెకూ

పీట మీద కూర్చోబెట్టి ఫ్రేనీ చేతులు తీసిందో లేదో, కెకూ కుడిపక్కకు ఒరిగాడు. ఒరుగుతూ నవ్వాడు. బియ్యం బస్తా జారినట్టు డైనింగ్ టేబుల్ అంచు దాకా జారి, అక్కడ పేసీ కాకా బొజ్జకు తగిలి ఆగాడు.

“పట్టేశా!” అన్నాడు పేసీ, పిల్లాణ్ణి గాల్లోకి ఎత్తి. పక్క వాటాలో ఉండే ఈ పేసీ ఒకప్పుడు రైలింజన్ డ్రైవర్. ఇప్పుడు ఆయన నడిపేది ఆయన బొజ్జనొక్కదాన్నే. “ఇంకోసారి చూద్దాం. ఈసారి కాస్త గట్టిగా దిగ్గొట్టు ఫ్రేనీ.”

“దిగ్గొట్టడానికి వాడేమైనా మేకు అనుకున్నావా? నా మనవడు.”

“మా అబ్బాయి ఎదీ ఐదో నెలకే కూర్చున్నాడు,” అంది పై అంతస్తు జాలూ మాసీ, కళ్ళజోడు సర్దుకుంటూ.

“కూర్చున్నాడు, నిజమే. అప్పట్నుంచీ మళ్ళీ లేచిందెప్పుడు? నిన్న కూడా చూశాను, ఆ కుర్చీలోనే ఉన్నాడు,” అన్నాడు పేసీ.

అందరూ నవ్వారు. కెకూ తల్లి ఆవన్ ఒక్కతే నవ్వలేదు.

బమన్‌షా బాగ్ పార్సీ కాలనీలో పదకొండేళ్ళ తర్వాత పుట్టిన బిడ్డ కెకూ. మిగతావాళ్ళలో చాలామంది పింఛన్లు తీసుకునేవాళ్ళే. పిల్లాడు తనంతట తాను కూర్చున్న నాడు బేస్నా చెయ్యాలి. కొత్త జుబ్బా తొడిగి, మెడలో పూలదండ వేసి, ముగ్గుపిండితో చేపలు దిద్దిన పీట మీద కూర్చోబెట్టి, బాగ్ అంతటికీ లడ్డూలు పంచాలి. నానమ్మ ఫ్రేనీ ఐదో నెలలోనే జుబ్బాకు వెండి జరీ కుట్టించింది. మిఠాయి దుకాణం వాడికి మాట కూడా ఇచ్చేసింది. ఇప్పుడు కెకూకు తొమ్మిదో నెల నడుస్తోంది. జుబ్బా బిగుతైపోతోంది. పిల్లాడు మాత్రం కూర్చోడు.

ఆ సాయంత్రమే ఆవన్ వాణ్ణి దాదర్‌లో డాక్టర్ పురంధరే దగ్గరికి తీసుకెళ్ళింది. ఫ్రేనీ కూడా వెంట వచ్చింది.

డాక్టరమ్మ చెవి పక్కన గంట మోగించింది. కెకూ తిరిగాడు. ఎర్రబంతిని గుడ్డ కింద దాచింది. గుడ్డ లాగి బంతి తీసి ఆవిడ చేతికే ఇచ్చాడు. నాలుక బయటపెడితే తనూ పెట్టాడు. మోకాళ్ళు కొట్టి చూసింది, చేతులు పట్టుకుని పైకి లేపి చూసింది. వదిలీ వదలకముందే వాడు ఆవిడ ఒళ్ళోకి వాలిపోయి, స్టెతస్కోపు నోట్లో పెట్టుకున్నాడు.

“బుర్ర పాదరసం. కళ్ళూ చెవులూ భేష్. వెన్నులోనే పట్టు లేదు. నేల మీద ఎంతసేపు ఆడతాడు?”

ఆవన్ నోరు తెరిచేలోపే ఫ్రేనీ అందుకుంది. “రోజంతా అదే పని డాక్టర్!”

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. మొహంలో నవ్వు తగ్గింది.

“రోజంతానా? అయితే ఈపాటికి కూర్చోవాలే.” ఒక్క క్షణం ఆలోచించింది. “పదిహేను రోజులు చూద్దాం. అప్పటికీ కూర్చోకపోతే తలకు స్కాన్ తీయిద్దాం. నరాల డాక్టరుకు కూడా చూపిద్దాం. భయపడకండి, చూసుకోవడం మంచిదని చెబుతున్నానంతే.”

భయపడకండి అన్న మాటే ఆవన్‌ను భయపెట్టింది. టాక్సీలో కెకూ తలను గుండెకు హత్తుకుని కూర్చుంది. ఆ చిన్న తల వెచ్చగా, పాల వాసనతో ఉంది. లోపల ఏముంది? ఏం లేదు? భర్త యజ్దీ సముద్రం మధ్యలో చమురు తీసే రిగ్గు మీద ఉన్నాడు, ఫోన్ చేస్తే గాలి హోరే వినిపిస్తుంది. ఫ్రేనీ దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నిద్రలో కూడా నోరు మూయని మనిషి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆవన్‌కు అది అప్పుడు తట్టలేదు. తట్టాల్సింది. ఆమె చేసే ఉద్యోగమే అది. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తుంది. కాలిన గోదాము మధ్య నిలబడి, మంట ఏ మూల మొదలైందో వాసన పట్టి చెప్పగలదు. ‘మనుషులు చెప్పేది తర్వాత విను, ముందు చోటు చూడు’ అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది కూడా ఆమే.

మర్నాడు పొద్దున్న చెప్పులు వేసుకుంటూ ఉంటే ఆ పాఠం తనకే గుర్తొచ్చింది. తను ఆఫీసుకు వెళ్ళాక కెకూ రోజు ఎలా గడుస్తుందో తనెప్పుడైనా చూసిందా? లేదు. విన్నదంతే. తను వచ్చేసరికి వాడు నిద్రకు జోగుతుంటాడు, మేలుకున్న కాసేపూ తనూ ఒళ్ళోంచి దించదు.

“వస్తాను మమ్మీ,” అని అత్తగారికి చెప్పి, మెట్లు దిగి, గేటు వైపు వెళ్ళకుండా ఎడమకు తిరిగింది.

బమన్‌షా బాగ్‌లో దాక్కోవడం మామూలు విషయం కాదు. ప్రతి కిటికీలోనూ ఒక ముసలి తల ఉంటుంది. ఎవరూ రారని ఖాయంగా చెప్పగలిగే చోటు ఒక్కటే, బాగ్ గ్రంథాలయం. ఆవన్ ఆ దుమ్ము గదిలోకి దూరి, కిటికీ తలుపు రెండు వేళ్ళంత తెరిచి పెట్టుకుంది. ఎదుటి భవనం పొడుగునా సాగే వరండాలన్నీ అక్కణ్ణుంచి కనిపిస్తాయి.

ముందు ఫ్రేనీ, చంకలో కెకూ. పేసీ పైజమా బొందు కట్టుకుంటూ వచ్చేశాడు. “డ్యూటీ మారింది, ఇటివ్వు!” పిల్లాణ్ణి బొజ్జ మీద నిలబెట్టుకుని, కూత పెడుతూ, పట్టాల వైపు తిప్పి రైళ్ళు చూపించాడు. కెకూ ఆయన మీసం పట్టుకుని లాగాడు. పేసీ దగ్గర్నుంచి జాలూ మాసీకి. ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరటిపండు తినిపించింది. మీసం లేదు కనుక కళ్ళజోడు లాగాడు. ఎవరి దగ్గర ఏం లాగాలో వాడికి కంఠతా వచ్చు. జాలూ దగ్గర్నుంచి పియానోలు బాగుచేసే కెర్సీకి. మోకాలి మీద కెకూ, పియానో మీటల మీద వాడి పిడికిలి, బాగ్ అంతా ఢాం ఢాం. తర్వాత ఉయ్యాల. నిద్ర లేవగానే మళ్ళీ ఒక చెయ్యి, ఇంకో చెయ్యి, ఇంకో భుజం.

సాయంత్రమైంది. ఆవన్ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. పిల్లాడి పిర్ర ఒక్కసారి కూడా నేలకు తగల్లేదు.

పోస్టులో పార్సిల్‌ను కూడా ఎక్కడో ఒకచోట కింద పెడతారు! నెలల తరబడి ఈ పిల్లాణ్ణి ఎవరూ దించలేదా? ఎందుకు?

అప్పుడే వరండాలో కెకూ గిలక్కాయ విసిరేశాడు. అది ఫ్రేనీ కాళ్ళ దగ్గర పడింది. ఫ్రేనీ దాని వైపు చూసింది. ఇటూ అటూ చూసింది. చెప్పుకాలితో గోడవారకు నెట్టి వెళ్ళిపోయింది. వెనక కెర్సీ వచ్చాడు, దాన్ని చుట్టి నడిచాడు. జాలూ మాసీ కూడా అంతే. ఆవన్ చూపు వరండా పొడవునా పరిగెత్తింది. గిలక్కాయ, గుడ్డ ఏనుగు, పాల పీక, ఒక మేజోడు. పొద్దుట్నుంచీ పడ్డవి పడ్డచోటే ఉన్నాయి. ఆఫీసు నుంచి వచ్చి రోజూ తనే ఏరి బుట్టలో వేస్తుంది. పిల్లలున్న ఇల్లు ఇలాగే ఉంటుందని నవ్వుకుంటూ మరీ వేస్తుంది.

నిన్న బేస్నా పీటను టేబుల్ మీద ఎందుకు వేశారు?

మంట మొదలైన మూల దొరికింది.

ఆవన్ వంటింట్లోకి వెళ్ళేసరికి ఫ్రేనీ పుదీనా వేసి టీ కాస్తోంది. కెకూ చంకలో ఉన్నాడు. ఆవన్ ఏమీ మాట్లాడకుండా ఒక చెంచా తీసి నేల మీద పడేసింది.

“మమ్మీ, అది కాస్త తీసిపెట్టండి.”

ఫ్రేనీ చెంచా వైపు చూసింది. కోడలి వైపు చూసింది. “నువ్వు పడేసింది నేనెందుకు తియ్యాలి? పొగరా?”

“తియ్యలేరు కాబట్టి అడిగాను.”

టీ పొంగింది. ఫ్రేనీ స్టవ్ ఆపింది.

“మోకాళ్ళు దిక్రా తల్లీ,” అంది ఇటు తిరక్కుండానే. “వంగితే లేవలేను. వాణ్ణి కింద పెడితే మళ్ళీ తియ్యడమెలా? పేసీ పెడతాడనుకున్నా. పేసీకి తన పాదాలే కనబడవు. జాలూకి నడుము. ఎవరో ఒకరు కింద పెడతారులే అని అందరం అందరి మీదా పెట్టుకున్నాం.”

“నాకు చెబితే ఏం పోయేది?”

“ఆయాను పెడతావు. పెట్టాక ఇక నేనెందుకు ఈ ఇంట్లో? గోడ గడియారానికి తోడా?”

“డాక్టరు తలకు స్కాన్ అంది మమ్మీ! నా ప్రాణాలు పోయాయి!”

“అలా అంటుందని నాకేం తెలుసు! మంచి నానమ్మ అనిపించుకుందామని ఒక మాట అన్నా. ఆవిడ ఆ మాట పట్టుకుని ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ తర్వాత నోరు పెగల్లేదు.” ఫ్రేనీ కళ్ళు తుడుచుకుంది. కెకూ కూడా ఆవిడ కళ్ళు తుడిచాడు, అరటిపండు చేత్తో.

ఆవన్ కోపంగా ఉండాలని చూసింది. అత్తగారి కనుబొమ్మ మీద అరటిపండు చూశాక వల్ల కాలేదు.

ఫోన్లో సంగతంతా విన్న డాక్టర్ పురంధరే ఎంత గట్టిగా నవ్విందంటే, ఆవన్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

“చూడమ్మా, కూర్చోవడం వెన్ను ఒక్కటే చేసే పని కాదు. పిల్లాడు ఒరిగినప్పుడల్లా కండ, కన్ను, చెవి లోపలి భాగం, అన్నీ మెదడుకు కబురు పెడతాయి, పడిపోతున్నాం అని. మెదడు సర్దుకోమంటుంది. తప్పు సర్దుతుంది, పడతాడు. మళ్ళీ సర్దుతుంది. అలా వందసార్లు పడితే లోపల దారి పడుతుంది. మీవాణ్ణి ఒరగనిచ్చిందెవరు? ఒరిగేలోపే నలుగురు పట్టుకుంటున్నారు. కబురే అందకపోతే మెదడు మాత్రం ఏం నేర్చుకుంటుంది? దించండి. బోర్లా పడుకోబెట్టండి. ఏడవనివ్వండి. అయితే ఒక మాట, గడువు గడువే. అప్పటికీ రాకపోతే స్కాన్ తప్పించుకోవద్దు.”

మర్నాడు ఆవన్ ఆఫీసుకు సెలవు పెట్టి, బాగ్ కిందిహాలు మధ్యలో ఒక గట్టి పరుపు వేసింది. దాని చుట్టూ సుద్దముక్కతో పెద్ద గీత గీసింది. జనం మూగారు.

“ఇవాళ్టి నుంచి కెకూ ఇక్కడుంటాడు. ఎవరైనా రావచ్చు, ఎంతసేపైనా ఆడించవచ్చు. ఎత్తుకోవడం మాత్రం లేదు. కావాలంటే కిందికి దిగాలి.”

హాలు దద్దరిల్లింది.

“నేల మీదా? జలుబు చేస్తుంది!”

“వీడు మనవడా, ఖైదీయా?”

“నన్ను దింపాలంటే క్రేన్ తెప్పించాలి,” అన్నాడు పేసీ.

“అయితే పిల్లాడు మీకు దొరకడు కాకా.”

పేసీ మొహం ముడుచుకుని, మీసం దువ్వుకుంటూ మేడెక్కి వెళ్ళిపోయాడు.

కెకూను బోర్లా పడుకోబెట్టారు. ఒక్క క్షణం వాడికేమీ అర్థం కాలేదు. లోకంలో చేతులు అనేవి మాయమయ్యాయని తెలిశాక అందుకున్నాడు రాగం. గీత అవతల కెర్సీ చెవులు మూసుకున్నాడు. ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. ఆవన్ గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాయి. ఎత్తుకోవడానికి ఒక్క అడుగు చాలు. వెయ్యలేదు.

“ఇక నావల్ల కాదు!” అంది జాలూ మాసీ. నడక కర్ర వదిలేసి, కుర్చీ పట్టుకుని, కుర్చీ నుంచి ముక్కాలిపీటకు, అక్కణ్ణుంచి పరుపు మీదికి మెట్లు దిగినట్టు దిగి, దబ్బున బోర్లా పడుకుంది. కెకూ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. రోజూ ఆకాశంలో ఉండే మొహం తన ఎదుట నేల మీద ఉంది! తల ఎత్తాడు. కళ్ళజోడు కోసం చెయ్యి చాచాడు. అందలేదు. ఇంకాస్త ఎత్తాడు.

దాంతో గీత చెరిగిపోయింది. కెర్సీ దిగాడు. ఇంకో ఇద్దరు దిగారు. మూడోనాటికి ఫ్రేనీ చీర కుచ్చిళ్ళు బిగించి కోడలి ముందుకొచ్చింది. ఆవన్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించింది. దిగినంతసేపూ ఫ్రేనీ కోడల్ని తిట్టింది. దిగాక మనవడి ముక్కుకు ముక్కు ఆనించి, గంటసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. బాగ్ వాచ్‌మన్‌కు కొత్త ఉద్యోగం వచ్చిపడింది. సాయంత్రం కాగానే హాల్లోకొచ్చి, వరసగా పడుకున్న పెద్దల్ని ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టాలి.

పేసీ మాత్రం రాలేదు. మేడ మీద వరండాలో నిలబడి రైలు కూత కూసేవాడు. కింద కెకూ ఆ కూత కోసం మెడ తిప్పేవాడు, మోచేతుల మీద లేచేవాడు, తర్వాత అరచేతుల మీద. పొర్లడం వచ్చింది. రెండు చేతులూ ముందు ఆనించి కప్పలా కూర్చోవడం వచ్చింది. చెయ్యి తీస్తే మాత్రం ఢామ్మని పక్కకు.

గడువు చివరిరోజు వచ్చేసింది. కెకూ చెయ్యి తీసినప్పుడల్లా ఒరిగిపోతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాలి. ఆవన్ సంచి సర్ది హాల్లోనే ఒక మూల పెట్టుకుంది. ఎవరిని చూసినా ఆ సంచి వైపే చూస్తున్నారు.

మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. పేసీ! తల మీద పాత డ్రైవర్ టోపీ.

“రేపు వాణ్ణి మిషన్లో పెడతారట కదా. అక్కడ రైలు కూత ఎవడు కూస్తాడు? జరగండి, దిగుతున్నా.”

“కాకా, వద్దు—”

వద్దన్న మాట పూర్తయ్యేలోపే పేసీ దిగిపోయాడు. దిగడం అనకూడదేమో, కూలాడు. పరుపు ఒక పక్కకు వంగింది. ఆయన తిరగబడ్డ తాబేలులా వెల్లకిలా పడి, కాళ్ళూ చేతులూ ఆడించాడు.

“బాగానే ఉందే,” అన్నాడు. కాసేపాగి, “ఇక లేపండి,” అన్నాడు.

వాచ్‌మన్ ఒక చెయ్యి, ఆవన్ ఒక చెయ్యి, కెర్సీ ఆయన బెల్టు పట్టుకున్నారు. “ఒకటి, రెండు, మూడు!” పేసీ సగం లేచాడు. బొజ్జ ఒప్పుకోలేదు. మళ్ళీ కూలాడు. ఫ్రేనీ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

“నవ్వండర్రా నవ్వండి! నూరు బోగీల గూడ్సు లాగినవాణ్ణి, నన్ను లాగే మొనగాడు లేడా ఈ బాగ్‌లో?”

మళ్ళీ లాగారు. మళ్ళీ కూలాడు. హాలంతా నవ్వులే. ఆ నవ్వుల్లో ఒక నవ్వు వేరుగా ఉంది. సన్నగా, వెక్కిళ్ళు పెడుతూ, కిందనుంచి వస్తోంది.

ఆవన్ తల తిప్పింది.

పరుపు ఆ చివర కెకూ కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. పేసీ కూలినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నాడు. వాడి చుట్టూ ఎవరి చెయ్యీ లేదు. చేతులన్నీ పేసీ మీదే ఉన్నాయి.

జాలూ మాసీ ముందుకు ఉరికింది.

“ముట్టుకోవద్దు!” ఆవన్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఎవరూ ముట్టుకోవద్దు.”

కెకూ కుడికి ఒరిగాడు. హాలు ఊపిరి బిగబట్టింది. ఆ చిన్ని వెన్ను ఒక్కసారి వణికింది, ఆగింది, తిరిగి నిటారుగా వచ్చింది. ఎడమకు ఒరిగాడు. మళ్ళీ వచ్చాడు. పడిపోతున్నాం అని లోపల ఎక్కడో కబురు వెళ్ళింది. సర్దుకో అని జవాబు వచ్చింది. ఆవన్ దాన్ని కళ్ళారా చూసింది. ఆ తర్వాత ఆమెకేమీ కనిపించలేదు, కళ్ళు నిండిపోయాయి.

“ఏమైందర్రా? ఎవరైనా చెప్పి చావండి!” కింద నుంచి పేసీ అరిచాడు. “నాకు పైకప్పు ఒక్కటే కనబడుతోంది!”

“కూర్చున్నాడు పేసీ! నిన్ను చూసి కూర్చున్నాడు!” అంది ఫ్రేనీ.

“నేనిలాగే పడుకుంటా అయితే. ఎవరూ లేపకండి!”

మర్నాడు డాక్టర్ పురంధరే కెకూను బల్ల మీద కూర్చోబెట్టి భుజం మీద కొంచెం నెట్టింది. వాడు ఊగి నిలబడే బొమ్మలా తిరిగి వచ్చి, ఆవిడ చెయ్యి నెట్టాడు. స్కాన్ మాట మళ్ళీ రాలేదు. “ఆ పరుపు మాత్రం తియ్యకండి,” అంది ఆవిడ. “నాకు లడ్డూలు ఎప్పుడు?”

యజ్దీ రిగ్గు నుంచి వచ్చిన వారంలో బేస్నా జరిగింది. జుబ్బా చంకల దగ్గర విప్పి మళ్ళీ కుట్టారు. ఈసారి పీట టేబుల్ మీద వెయ్యలేదు. హాలు మధ్య నేల మీద, తెల్లటి ముగ్గు చేపల నడుమ వేశారు. ఫ్రేనీ దిష్టి తీసి, గుమ్మం దగ్గర గుడ్డు కొట్టించింది. కోడలి చెయ్యి ఊతగా పట్టుకుని, మూలుగుతూ వంగి, మనవణ్ణి తనే పీట మీద కూర్చోబెట్టింది. మెడలో దండ, నుదుట కుంకుమ, ఎదురుగా లడ్డూల పళ్ళెం. కెకూ రాజులా కూర్చుని అందరినీ ఒకసారి చూశాడు. పేసీ కూత కూశాడు. చప్పట్లు మోగాయి.

కెకూ పళ్ళెం వైపు చూశాడు. ముందుకు వంగాడు, రెండు చేతులూ నేలకు ఆనించాడు, మోకాళ్ళు లాక్కున్నాడు. పీట ఖాళీ అయింది.

“పట్టుకోండి! లడ్డూ తీసుకుపోతున్నాడు!”

“నువ్వు పట్టుకో!”

“నేనెక్కడ వంగేది? నువ్వే వంగు!”

చేప ముగ్గుల మీదుగా, చెప్పుల మధ్య నుంచి, చీర కుచ్చిళ్ళ కింద నుంచి కెకూ దూసుకుపోయాడు. యజ్దీ కంగారుగా లేవబోయాడు. ఆవన్ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“పోనీయ్,” అంది. “తలుపు వేసే ఉంది.”